నాయకుని మరణవార్త వచ్చిన దినమున

పాఠ్యభాగము: 2 సమూయేలు 1వ అధ్యాయము, 2:4–7, 3:31–37



కోలారు బంగారు గనులలో పుట్టి పెరిగి, ఇప్పుడు బెంగుళూరులోను, ఇంకను దూర ప్రాంతములలోను కాపురమున్న మీలో పెద్దవారికి 1987 క్రిస్మసు జ్ఞాపకముండును. డిసెంబరు 24 తెల్లవారుజామున మద్రాసులో ఎం.జి. రామచంద్రన్ గారు మరణించారు. ప్రొద్దెక్కకముందే ఆ వార్త మన లైన్లన్నిటికి పాకెను. ఒక ఇంటి ముందు కాగితపు నక్షత్రము, దాని ప్రక్క ఇంటి ముందు నల్లజెండా. రెండు ఇండ్లకు మధ్య ఒకటే గోడ.

ఆ రాత్రి మన యౌవనస్థులు కేరల్స్‌కు బయలుదేరవలసి యుండెను. వెళ్లవలెనా, మానవలెనా? ఒక సినిమా నటుడు చనిపోయినందుకు మన ప్రభువు పుట్టిన పండుగ ఆపవలెనా అని కొందరు గట్టిగా అడిగిరి. ప్రక్కింటిలో పీనుగు ఉన్నట్లే గదా, డోలు కొట్టుకొనుచు ఆ గుమ్మము దాటి ఎట్లు పోయెదరని పెద్దవారు అనిరి. చివరకు ఇంటింటికి పోవుట మాని, గుడిలోనే, డోలు లేకుండ పాడుకొంటిమి. ఆ తీర్మానము సరియైనదేనా అను విషయములో మాలో ఇప్పటికిని రెండు మాటలున్నవి.

ఎం.జి.ఆర్. గారు అందరికి ఇష్టుడైన మనిషి కాడు. 1972లో డి.ఎం.కె. నుండి వెలివేయబడి సొంత పార్టీ పెట్టి, 1977 నుండి ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ చీలిక మద్రాసులోనే ఆగలేదు. గనులలోని తమిళ కుటుంబములలో అన్న ఒక జెండా, తమ్ముడు ఒక జెండా పట్టినవారున్నారు. ఎర్రజెండావారు, రిపబ్లికన్ పార్టీవారు వేరు. కర్ణాటకలో ఉన్న మన కె.జి.ఎఫ్. నియోజకవర్గము నుండి 1989లోను, మరల 1999లోను అన్నా డి.ఎం.కె. అభ్యర్థి శాసనసభకు గెలిచెనంటే ఆ పేరునకు ఇచ్చట ఎంత పట్టుండెనో తెలియును. మద్రాసులో ఆ దినములలో దుకాణములు దోచిరి. మౌంట్ రోడ్డులోని కరుణానిధి గారి విగ్రహమును గునపముతో పగులగొట్టిరి. దాదాపు ముప్పదిమంది ఆత్మహత్య చేసుకొనిరని పత్రికలు వ్రాసినవి. చనిపోయినవాడు ఒకడు, దెబ్బలు తగిలినది బ్రదికియున్నవారికి.

ఇటువంటి దినమున మనవంటివారు ఎట్లు నడుచుకొనవలెను? మనవంటివారు అనగా, ఒకరి ఊరిలో కాపురముండి మరియొకరి భాష మాటలాడువారు. కోలారు జిల్లా పల్లెలలో తెలుగు, గని లైన్లలో తమిళము, కచేరీలో కన్నడము. మన ప్రక్కింటివాని నాయకుడు మన నాయకుడు కాకపోవచ్చును. అతని దుఃఖము మనకు వింతగా తోచవచ్చును. ఈ సంగతికి సరిపోవు పాఠము దావీదు చరిత్రలోనే ఉన్నది.

సౌలు గిల్బోవ పర్వతము మీద చనిపోయినప్పుడు దావీదు ఎక్కడ ఉన్నాడు? యెరూషలేములో కాదు, సొంత ఊరు బేత్లెహేములోను కాదు, సిక్లగులో. అది ఫిలిష్తీయుల రాజైన ఆకీషు అతనికి ఇచ్చిన ఊరు. సౌలు తరుముచుండగా ప్రాణము కాపాడుకొనుటకు దావీదు ఆ దేశములో ఒక సంవత్సరము నాలుగు నెలలు కాపురముండెను. అతడు కూడ మనవలె వలస వచ్చినవాడే. పైగా, చనిపోయిన రాజును చంపినవారు అతనికి ఆశ్రయమిచ్చిన జనమే. ఈ చిక్కు గమనించకపోయిన యెడల అతని విలాపములోని ఒక మాట మనకు అర్థము కాదు. ఈ వార్త గాతులోను అష్కెలోను వీధులలోను చాటవద్దని అతడు కోరెను. ఒకరి ఇంటి మరణము ఇంకొకరి వీధిలో పండుగ అగునని అతనికి బాగుగా తెలియును. ఆ వీధుల ప్రక్కనే అతడు నివసించెను గదా.

వార్త తెచ్చినవానిని చూడండి. వాడు అమాలేకీయుడు, ఇశ్రాయేలు దేశములో కాపురమున్న పరదేశి కుమారుడు. కిరీటమును, కంకణమును చేతపట్టుకొని పరుగెత్తి వచ్చెను. శత్రువు చచ్చెనని చెప్పిన దావీదు సంతోషించి బహుమానమిచ్చునని అనుకొనెను. దావీదు బట్టలు చింపుకొని, సాయంకాలము వరకు ఉపవాసముండెను. వానికి విధించిన మరణశిక్షను మనము మాదిరిగా తీసికొననక్కరలేదు. అది యుద్ధకాలపు రాజు తీర్పు. అయితే మరణవార్తను సొమ్ము చేసికొనగోరిన మనసును దావీదు ఎంత అసహ్యించుకొనెనో అందులో కనబడుచున్నది.

ఇప్పుడు మన సొంత ఇంటి సంగతికి వచ్చెదము. తమిళుల దుఃఖమును గూర్చి మాటలాడుట సులభము. 2009 సెప్టెంబరు 2న పరీక్ష మనకే వచ్చెను.

ఆ ఉదయము ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కార్యక్రమము కొరకు బేగంపేట నుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. చిత్తూరు జిల్లా అనగా మనకు పొరుగే. ముళబాగిలు దాటితే పలమనేరు దారి, మన మేనత్తలు, మేనమామలు ఉన్న ఊళ్లు. పగలంతయు, రాత్రియంతయు టి.వి. ముందు కూర్చుంటిమి. మరునాటి ఉదయమునకు గాని నల్లమల అడవిలోని పావురాల గుట్ట మీద శకలములు కనబడలేదు. 4వ తేదీన ఇడుపులపాయలో సమాధి చేసిరి.

రాజశేఖరరెడ్డి గారి విషయములో కూడ జనము రెండుగా చీలియుండిరి. ఆరోగ్యశ్రీ, విద్యార్థుల ఫీజుల చెల్లింపు, ఉచిత విద్యుత్తు అని ఒకరు చెప్పుదురు. భూముల కేటాయింపులు, ప్రాజెక్టుల కాంట్రాక్టులు, కుమారుని వ్యాపారములపై వచ్చిన ఆరోపణలు అని మరియొకరు చెప్పుదురు. మన సంఘములలో మూడవ మాట ఒకటి ఉండెను: ఆయన మనవాడు. ఆయన క్రైస్తవుడు గనుక మనలో చాలమంది ఏడ్చిరి. ఆ కన్నీళ్లను తప్పు పట్టుట లేదు. గాని మనలను మనము అడిగికొనవలసినది ఒకటి ఉన్నది. ఆయన చేసిన మేలు కొరకు ఏడ్చితిమా, ఆయన పేరు మన వైపు లెక్కలో ఉన్నందుకు ఏడ్చితిమా?

మరికొందరు ఇది దైవశిక్ష అనిరి. ఆ మాట మన చెవులకు నిప్పువలె తగిలెను. అయితే నిజము చెప్పవలెను. మనకు విరోధులని తలచిన నాయకులు చనిపోయినప్పుడు, గుడి మెట్ల మీద నిలువబడి అదే మాట మనము కూడ అన్నాము. ఒకసారి కాదు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములోని ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువు చెప్పిన సంగతి లూకా 13లో చదువుదుము. హెలికాప్టరు కూలిన దినమునకు కూడ అదే వాక్యము వర్తించును, కూలినది ఎవరి నాయకుడైనను సరే.

ఆ హెలికాప్టరులో అయిదుగురుండిరి. రాజశేఖరరెడ్డి గారితో పాటు ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి గార్లు కూడ మరణించారు. ఈ నాలుగు పేర్లు మనలో ఎందరికి తెలియును? గిల్బోవలో కూడ సౌలుతో పాటు అతని ఆయుధములు మోయువాడు అదే దినమున చచ్చెను. వాని పేరైనను వ్రాయబడలేదు. మన ప్రార్థన కూటములలో నాయకుని కుటుంబము కొరకు ప్రార్థించునప్పుడు డ్రైవరు ఇంటిని, పోలీసువాని ఇంటిని కూడ పేరుపెట్టి తలంచుట మంచిది.

ఆ వారములో దుఃఖము తాళలేక గుండె ఆగియు, ఆత్మహత్య చేసికొనియు వందకు పైగా మంది మరణించిరని వార్తలు వచ్చినవి. 2010లో ఆయన కుమారుడు జగన్మోహన్‌రెడ్డి గారు ఆ కుటుంబములను కలిసికొనుటకు ఓదార్పు యాత్ర ఆరంభించారు. ఆ యాత్ర కాంగ్రెసు పార్టీలో చీలికకు దారితీసెను. అంతకుముందే, 2010 జనవరిలో, ఆ ప్రమాదము వెనుక రిలయన్స్ కుట్ర ఉన్నదను ఒక రుజువులేని కథనమును ఒక టి.వి. ఛానలు ప్రసారము చేయగా, అదే రాత్రి రాష్ట్రములో అనేక చోట్ల ఆ కంపెనీ దుకాణముల మీద, పెట్రోలు బంకుల మీద జనము పడిరి. నాలుగు నెలల దుఃఖము ఒక రాత్రిలో కోపముగా మారుటకు ఒక గాలివార్త చాలెను.

2016 డిసెంబరు 5న జయలలిత గారు మరణించినప్పుడు కూడ ఇట్లే జరిగెను. ఆ మరణమును తాళలేక చనిపోయిరని చెప్పబడినవారి కుటుంబములకు మూడేసి లక్షల రూపాయలు ఇచ్చెదమని ఆమె పార్టీ ప్రకటించెను. ఆ సొమ్ముతో కొన్ని పేద ఇండ్లు నిలబడియుండవచ్చును. అయినను, ఒక ఇంటి చావును పార్టీ లెక్కలో వ్రాసికొనుట చూచినప్పుడు కంకణము పట్టుకొని పరుగెత్తిన ఆ అమాలేకీయుడు మాకు జ్ఞాపకము వచ్చెను.

ఆ డిసెంబరులో మన స్థితి కష్టముగానే ఉండెను. సెప్టెంబరులో కావేరి నీళ్ల తగవు వలన బెంగుళూరులో తమిళనాడు బస్సులు తగులబెట్టిరి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత మారికుప్పం నుండి రైలెక్కి ప్రతి దినము బెంగుళూరుకు పనికి పోయి వచ్చువారు వేలమంది. ఆ రైలు పెట్టెలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు ఒకే బల్ల మీద కూర్చుందురు. ఆమె పోయిన మరునాడు అక్కడ వేసిన ఒక ఎగతాళి మాటకు ఎంత వెల చెల్లించవలసి వచ్చునో ఊహించండి. ఆమె పుట్టినది కర్ణాటకలోని మేలుకోటెలోనే అన్న సంగతి ఎవరికిని గుర్తులేదు.

అయితే నోరు మూసికొనుటయేనా మన ధర్మము? తప్పులను దాచవలెనా? దావీదు విలాపగీతమును, అనగా ధనుర్గీతమును, మరల చదవండి. అందులో సౌలు పరాక్రమమున్నది. ఇశ్రాయేలు కుమార్తెలకు అతడు కట్టబెట్టిన మంచి వస్త్రములున్నవి. అతడు నీతిమంతుడను మాట లేదు. తనను ప్రేమించెనను మాటయు లేదు. యోనాతాను ప్రేమను గూర్చి చెప్పెను గాని సౌలు ప్రేమను గూర్చి చెప్పలేదు. దావీదు అబద్ధమాడలేదు. చెప్పగలిగిన నిజము చెప్పి, తక్కినది ఆ దినమునకు విడిచిపెట్టెను. సౌలు ఆజ్ఞతో నోబు యాజకులు ఎనుబది అయిదుగురు హతులైన సంగతి అదే గ్రంథములో వ్రాయబడియే ఉన్నది. దానిని ఎవరును కొట్టివేయలేదు. జయలలిత గారి ఆస్తుల కేసులో సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 14న తీర్పు చెప్పెను. ఆమె మరణించినందున ఆమె మీది కేసు ముగిసినదని చెప్పి, తక్కిన ముగ్గురికి శిక్ష ఖాయము చేసెను. లెక్క చూచుటకు దినము వేరుగా ఉండును. పాడె కదలుచున్న గంట దానికి కాదు.

అబ్నేరు సంగతి కొంచెము వేరు. యోవాబు అతనిని మోసముతో చంపెను. జనము దావీదునే అనుమానించవలసిన సమయమది. అతడు పాడె వెంట నడిచెను, సమాధి యొద్ద ఎలుగెత్తి ఏడ్చెను, ప్రొద్దు గ్రుంకువరకు అన్నము ముట్టలేదు. జనులందరు అది గమనించి, ఈ హత్య రాజు చేయించినది కాదని తెలిసికొనిరి. రెండు వర్గముల మధ్య నెత్తురు కారకుండ ఆగినది దానివలననే అని మేము తలంచుచున్నాము. మన ఊళ్లలో ప్రతిపక్ష నాయకుడు శవము మీద పూలదండ వేసినప్పుడు ఇదంతయు నాటకమని మనము తేలికగా అనెదము. కొన్నిసార్లు నాటకమే కావచ్చును. ఆ దండ వేయకపోయిన యెడల ఆ రాత్రి వీధిలో ఏమి జరిగియుండునో కూడ ఆలోచించవలెను.

ఈ పాఠములో మాకు అన్నిటికంటె ఇష్టమైన భాగము యాబేష్గిలాదువారి సంగతి. ఫిలిష్తీయులు సౌలు శవమును బేత్షాను గోడకు తగిలించగా, ఆ ఊరి శూరులు రాత్రియంతయు నడిచి వెళ్లి దానిని దించి తెచ్చి, ఎముకలను పాతిపెట్టి ఏడు దినములు ఉపవాసముండిరి. అంత చెడ్డ రాజు కొరకు ప్రాణములకు తెగించుట ఎందుకు? చాల సంవత్సరముల క్రిందట అమ్మోనీయుడైన నాహాషు ఆ ఊరివారి కుడికన్నులు పెరికివేసెదనని బెదిరించినప్పుడు వారిని విడిపించినవాడు సౌలే. ఆ ఊరిలో ప్రతి ముసలివాని ముఖము మీద రెండు కన్నులుండుటకు కారణము అతడే. తక్కిన దేశమునకు సౌలు ఏమైనను, యాబేష్గిలాదువారి లెక్క వేరు.

1987లో నల్లజెండా కట్టిన ఆ ప్రక్కింటి తల్లిని గూర్చి ఇప్పుడు ఆలోచించుచున్నాము. ఆమె అక్కచెల్లెండ్ర పిల్లలు తమిళనాడు పల్లెలో ఉండిరి. 1982లో ఎం.జి.ఆర్. గారు విస్తరింపజేసిన మధ్యాహ్న భోజన పథకములో వారు బడిలో అన్నము తినిరి. మేము సినిమా నటుని చూచితిమి, ఆమె ఆ పళ్లెమును చూచెను. చిత్తూరు జిల్లాలో ఆరోగ్యశ్రీ క్రింద బిడ్డకు గుండె ఆపరేషను జరిగిన తండ్రికి ప్రాజెక్టుల లెక్కలు చెప్పబోయిన యెడల అతడు మన ముఖము చూచునే గాని మాట వినడు. అతడు మూర్ఖుడని కాదు. అతనికి తెలిసినది మనకు తెలియదు.

దావీదు హెబ్రోనులో రాజైన వెంటనే చేసిన మొదటి పనులలో ఒకటి యాబేష్గిలాదునకు దూతలను పంపుట. సౌలును మీరు ఎందుకు సమాధి చేసితిరని అతడు అడుగలేదు. వారు చేసిన ఉపకారమునకు వారిని దీవించి, తానును వారికి మేలు చేసెదనని చెప్పి పంపెను. వారు ఏమి బదులు చెప్పిరో వ్రాయబడలేదు.

ఈ నెల తరగతులలో ఈ భాగమును చదువునప్పుడు, మీ లైనులో, మీ వీధిలో మీరు ఏడ్వని ఏ నాయకుని కొరకు ఎవరు ఏడ్చిరో, ఆయన వలన వారికి ఏమి కలిగెనో వారినే అడిగి తెలిసికొని వచ్చి చెప్పవలెనని కోరుచున్నాము.