సముద్రం అవతలి రైలు

మారిషస్ ఒక చిన్న దీవి. హిందూ మహాసముద్రంలో ఉంది. మన దేశానికి నైరుతి మూలన, ఆఫ్రికా ఖండానికి దగ్గరగా ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లాలో సగం కూడా ఉండదు. చుట్టూ నీళ్లు. లోపల చెరకు తోటలు, కొండలు, పట్నాలు.

ఆ దీవిలో తెలుగు వాళ్లు ఉన్నారు. ఉగాదికి అక్కడ సర్కారు సెలవు ఇస్తారు. అమ్మోరు పండుగ చేసుకుంటారు. బడిలో పిల్లలు తెలుగు నేర్చుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

అంత దూరం మన వాళ్లు ఎలా వెళ్లారు? అప్పుడు వెళ్లిన తీరు వేరు. ఇప్పుడు వెళ్లే తీరు వేరు. ఆ తేడా తెలుసుకోవాలంటే ఆ దీవిలో నడిచిన రైలు సంగతి చదవాలి.

నిశానీ పెట్టి ఓడ ఎక్కారు

ఒకప్పుడు మారిషస్ చెరకు తోటల్లో బానిసల చేత పని చేయించేవారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చింది. వాళ్ల కన్ను మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను అక్కడ దింపింది. తర్వాత దాదాపు 80 ఏళ్లలో నాలుగున్నర లక్షల మంది మన దేశం నుంచి వెళ్లారు.

మన వైపు వాళ్లూ వెళ్లారు. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు లేవు. ఈ ఊళ్లన్నీ విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో ఉండేవి. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది. అక్కడ నుంచీ ఓడలు వెళ్లాయి. అందుకే తెలుగు వాళ్లను ఆ దీవిలో 'కోరంగి వాళ్లు' అన్నారు.

కరువు, అప్పు, ఆకలి వాళ్లను ఓడ ఎక్కించాయి. ఐదేళ్లు పని చేస్తామని కాగితం రాయించుకునేవారు. జీతం నెలకు ఐదు రూపాయలు. కాగితంలో ఏముందో చాలామంది చదవలేరు. చదివి చెప్పేవాడు ఏం చెబితే అదే నిజం. కింద నిశానీ పెట్టేవారు.

ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. జ్వరం వచ్చిన మనిషికి కూలీ పోయేది, పైన అప్పు మిగిలేది.

ఓడ దిగిన రేవును ఇప్పుడు 'ఆప్రవాసీ ఘాట్' అంటారు. అక్కడ 16 మెట్లు ఉన్నాయి. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. కూలీల పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన పాత పుస్తకాలు ఆ దేశంలో భద్రంగా ఉన్నాయి. వాటిని చూసి మనవలు తమ తాతల ఊరు వెతుక్కుంటున్నారు.

ఇలా కూలీలు చేరిన దీవి మారిషస్ ఒక్కటే కాదు. భూగోళానికి అవతలి వైపు వెస్టిండీస్ దీవులు ఉన్నాయి. అందులో జమైకా ఒకటి. 1845లో జమైకాలో మొదటి రైలు నడిచింది. అదే ఏడు మన దేశం కూలీల మొదటి ఓడ అక్కడికి చేరింది.

రైలు వచ్చింది, పోయింది

మారిషస్‌లో 1864లో రైలు మొదలైంది. మనుషులను మోసింది. పంచదార బస్తాలను రేవుకు చేర్చింది. తర్వాత బస్సులు, లారీలు పెరిగాయి. 1956లో జనం ఎక్కే రైళ్లు ఆగిపోయాయి. 1964లో సరుకు రైళ్లు కూడా ఆగాయి.

రైలు నడిపినవాళ్లు వేరే పనులకు పోయారు. ముసలివాళ్లయ్యారు. వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. పొందూరులో సన్న నూలు వడికే అమ్మ తన కూతురికి నేర్పకపోతే ఏమవుతుంది? ఆ పనితనం ఆమెతోనే ఆగిపోతుంది. మారిషస్‌లో రైలు పని అలాగే ఆగిపోయింది.

మళ్లీ రైలు: నేర్పేది ఎవరు?

ఏళ్లు గడిచాయి. మోటారు బళ్లతో రోడ్లు నిండిపోయాయి. మళ్లీ రైలు కావాలని మారిషస్ సర్కారు అనుకుంది. మన దేశం డబ్బు సాయం చేసింది. 2017లో పని మొదలైంది. మన దేశపు ఎల్ అండ్ టీ కంపెనీ లైను కట్టింది. రైళ్లు స్పెయిన్ దేశం నుంచి వచ్చాయి. 2020 జనవరిలో జనం ఎక్కారు. 2022లో క్యూర్‌పీప్ పట్నం దాకా రైలు చేరింది. అక్కడి దాకా 26 కిలోమీటర్లు. కరెంటుతో నడుస్తుంది.

పట్టాలు వేయవచ్చు. పెట్టెలు కొనవచ్చు. నడిపే మనుషులను కొనలేం కదా! 50 ఏళ్లకు పైగా రైలే లేని చోట ఎవరికి పని తెలుస్తుంది? అందుకని ఇలాంటి చోటికి బయటి దేశాల నుంచి పని తెలిసినవాళ్లు వెళ్తారు. అక్కడివాళ్లకు నేర్పి వస్తారు.

మన దేశానికీ ఈ పనిలో పేరుంది. 1974లో 'రైట్స్' అనే సర్కారు కంపెనీ పెట్టారు. దాని తరఫున మన రైల్వే నిపుణులు ఎన్నో దేశాలకు వెళ్లి పని చేశారు. సికింద్రాబాదులో 1957 నుంచి సిగ్నళ్ల పని నేర్పే సంస్థ ఉంది. ఇతర దేశాల రైల్వే వాళ్లు కూడా అక్కడికి వచ్చి నేర్చుకుంటారు.

ఏం నేర్పుతారు?

రైలుకు స్టీరింగు ఉండదు. పట్టాలే దారి చూపుతాయి. మరి నడిపేవాళ్లు ఏం నేర్చుకోవాలి?

మొదటిది, దారి. ఎక్కడ వంపు ఉంది, ఎక్కడ ఎత్తు ఉంది, ఏ గేటు ఎక్కడ ఉంది, ఏ సిగ్నలు ఎటు పక్క ఉంది, అన్నీ తెలియాలి. మన రైల్వేలో కొత్త లైను మీద ఒక్కసారిగా బండి ఇవ్వరు. తెలిసినవాళ్ల పక్కన కూర్చుని పగలు, రాత్రి తిరగాలి. తర్వాత 'ఈ దారి నాకు తెలుసు' అని సంతకం పెట్టాలి. అప్పుడే బండి ఇస్తారు.

రెండోది, ఆపడం. ఇనుప చక్రం, ఇనుప పట్టా. రెండూ నునుపే. వేగంగా పోయే రైలు ఆగడానికి ఒక్కోసారి కిలోమీటరు దాకా పడుతుంది. పట్టా మీద ఆవు కనిపించాక బ్రేకు వేస్తే లాభం ఉండకపోవచ్చు. అందుకే ముందు చూపు కావాలి. రైలు వస్తుండగా మనం పట్టాలు దాటకూడదు అనేది కూడా ఇందుకే.

మూడోది, సిగ్నలు. ఎరుపు అంటే ఆగు. పసుపు అంటే జాగ్రత్త. పచ్చ అంటే పో. మన రైలు ఇంజనులో ఇద్దరు ఉంటారు. సిగ్నలు కనబడగానే ఒకరు గట్టిగా చెబుతారు. రెండోవాళ్లు తిరిగి అదే చెబుతారు. ఒకరి కన్ను పొరబడితే ఇంకొకరి కన్ను కాపాడుతుంది.

నాలుగోది, ఆపద. ముందు పట్టా విరిగితే ఏం చేయాలి? ఎర్ర జెండా ఎలా చూపాలి? పట్టా మీద పెట్టే టపాకాయ పేలితే ఏమని అర్థం? ఇవన్నీ చేయించి నేర్పుతారు.

మారిషస్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి రైలు పట్నం మధ్యలో రోడ్లను దాటుతుంది. నడిపేవాళ్లు పట్టాలతో పాటు కార్లను, మనుషులను కూడా కనిపెట్టాలి.

నేర్పేవాళ్లకు భాష కూడా కష్టమే. మారిషస్ జనం ఇంట్లో ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు. బయటినుంచి వచ్చినవాళ్లకు అది రాదు. 'అర్థమైందా?' అని అడిగితే అందరూ తల ఊపుతారు. మంచి గురువు అక్కడితో ఆగడు. 'చేసి చూపించు' అంటాడు.

రెండు ప్రయాణాలు

ఆనాడు కూలీ ఓడ ఎక్కాడు. చేతిలో చదవలేని కాగితం. ఏ పని చెబితే అది చేయాలి.

ఈనాడు రైలు పని నేర్పడానికి వెళ్లేవాడు విమానం ఎక్కుతాడు. చేతిలో చదివి సంతకం పెట్టిన కాగితం. ఏ పని, ఎంత జీతం, ఎన్నాళ్లు, అన్నీ అతనికి తెలుసు.

ఇద్దరూ కష్టం చేసేవాళ్లే. తేడా రెండింటిలో ఉంది. ఒకటి చేతిలో పనితనం. రెండు కాగితం చదవగలగడం.

ఈ పని మగవాళ్లదే అనుకోకండి. మహారాష్ట్రకు చెందిన సురేఖా యాదవ్ 1989లో రైలు ఇంజను పనిలో చేరారు. ఆసియాలోనే మొదటి మహిళా రైలు డ్రైవరుగా పేరు తెచ్చుకున్నారు. 2025లో రిటైరయ్యారు. పదో తరగతి, దానిపైన ఐటీఐ చదివితే మన ఆడపిల్లలు కూడా ఆ పనికి పోటీ పడవచ్చు.

మన ఇంటి నుంచి ఎవరైనా వెళ్తుంటే

ఉద్దానం, టెక్కలి, సోంపేట వైపు నుంచి చాలామంది కుర్రాళ్లు వెల్డింగు, ఫిట్టరు పనులకు విదేశాలు వెళ్తున్నారు. ఇంట్లో ఉన్న తల్లి, భార్య కూడా కాగితాలు చూడాలి.

• ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉందా? నంబరు అడగండి. రాసుకోండి.
• ఏజెంటు తీసుకునే రుసుముకు సర్కారు హద్దు పెట్టింది. అది 30,000 రూపాయలు, దాని మీద పన్ను. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.
• చూడ్డానికి వెళ్లే వీసా మీద పనికి పంపుతానంటే ఒప్పుకోవద్దు.
• ఒప్పంద కాగితంలో పని, జీతం, సెలవు, తిరిగి వచ్చే టికెట్ సంగతి చదవండి. నకలు ఇంట్లో ఉంచండి.
• పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలు, మలేసియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసల అధికారి అనుమతి కావాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద అక్కడికి ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి.

'బేగి సంతకం పెట్టమ్మా, టైము లేదు' అని ఎవరైనా తొందర పెడితే ఆగండి. చదవండి. అర్థం కాకపోతే ఇంకొకరి చేత చదివించుకోండి. ఆ తర్వాతే సంతకం.

కొత్త మాటలు

నిశానీ – చదువు రానివాళ్లు సంతకానికి బదులు పెట్టే గుర్తు
ఒప్పందం – ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న మాట
నిపుణులు – పని బాగా తెలిసినవాళ్లు
నకలు – కాగితానికి రెండో ప్రతి

చెప్పండి – రాయండి

1. తెలుగు వాళ్లను మారిషస్‌లో ఏమని పిలిచారు? ఎందుకు?
2. సిగ్నలును ఇద్దరూ గట్టిగా ఎందుకు చెబుతారు?
3. మీ చేతిలో ఉన్న పనితనం ఏమిటి? దాన్ని ఎవరికి నేర్పుతారు?
4. మీ ఊరి నుంచి విదేశం వెళ్లినవాళ్లు ఏ పని చేస్తున్నారు? అడిగి నాలుగు మాటలు రాయండి.