బీగము పడిన కంప్యూటరు — ఫైళ్ళను మరల పొందు మార్గము

రాన్సమ్‌వేరు అను మాటను మన విద్యార్థులలో పలువురు వినియే యుందురు. రాన్సమ్ అనగా బందీని విడుచుటకై అడుగు సొమ్ము. సామాన్యపు దొంగ వస్తువును ఎత్తుకొని పోవును. ఈ దొంగ అట్లు చేయడు. వస్తువును మన యింటిలోనే యుంచి, దానికి తన బీగము వేసి, బీగపు చెవికి వెల చెప్పును. ఫైలు పేరు కనబడుచునే యుండును. తోక మాత్రము మాఱును. తెఱచి చూచినచో అర్థములేని గుర్తులు తప్ప వేఱేమియు నుండదు.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మనవంటి వారికి ఈ సంగతి మఱింత ముఖ్యము. కన్నడ మాధ్యమపు ప్రశ్నపత్రమొకటి పోయినచో ప్రక్క పాఠశాలలో అడిగి తెచ్చుకొనవచ్చును. తెలుగు మాధ్యమపు పత్రము పోయినచో ఎవరి నడుగుదుము? పదవ తరగతి పిల్లలకై ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి కూర్చుకొన్న అభ్యాసపత్రములు, అనువదించుకొన్న విజ్ఞానశాస్త్రపు పాఠములు చాలచోట్ల ఒక్క కంప్యూటరులోనే యున్నవి. సరిహద్దు దాటి హిందూపురమో మదనపల్లెయో పోయినచో తెలుగు పుస్తకములు కావలసినన్ని దొరకును గాని, అవి కర్ణాటకపు పాఠ్యప్రణాళిక ననుసరించి వ్రాసినవి కావు. మేము ఆంధ్రదేశమున శిక్షణ పొంది యిచ్చటికి వచ్చిన వారము గనుక ఈ భేదము మాకు నిత్యము అనుభవములోనిది.

ఇట్టి ఆపద వచ్చినపుడు మొట్టమొదట తెలియవలసినది ఒక్కటి కలదు. వైరసును తొలగించుట వేఱు, ఫైళ్ళను తెఱచుట వేఱు. బీగము వేసినవానిని ఇంటినుండి తఱిమివేసినంత మాత్రమున బీగము ఊడదు. ఈ భేదము తెలియక, కంప్యూటరును మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోయి, అంతయు తుడిపించి, క్రొత్తగా విండోసు వేయించి, కంప్యూటరు బాగుపడినదని సంతోషించువారున్నారు. బాగుపడినది యంత్రము, దానితోపాటు ఫైళ్ళు దక్కు అవకాశమును తుడిచిపెట్టుకొని పోయినది.

బీగము సంగతి కొంచెము వివరింతుము. ఇది గణితపు పాఠమునకును పనికివచ్చును. నొక్కి మూయు బీగమునకు మూయునపుడు చెవి అక్కఱలేదు, తెఱచుటకే కావలెను. ఈ దొంగలు వాడు బీగము అట్టిది. 61ని 53చే గుణింపుడు, 3233 వచ్చును. ఆఱవ తరగతి బాలుడు నిమిషములో చేయగలడు. ఇపుడు 3233 మాత్రము చెప్పి, ఇది ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో కనుగొనుమని అడుగుడు. 3, 7, 11, 13 అని వరుసగా భాగించుచు పోవలసినదే. నాలుగంకెల సంఖ్యకే ఇంత శ్రమ కాగా, దొంగలు వాడు సంఖ్య తఱచుగా 617 అంకెలది. లబ్ధమును అందఱికిని చూపుదురు. అది మూయు బీగము. ఆ రెండు ప్రధాన సంఖ్యలు తెలిసినవాడే తెఱవగలడు. అవి దొంగయొద్ద నుండును. అట్టి సంఖ్యను విడదీయగల కంప్యూటరు నేటికి లేదు. ఫైళ్ళను మూయుటకు త్వరగా పనిచేయు చిన్న చెవిని వాడి, ఆ చిన్న చెవిని ఈ పెద్ద బీగము లోపల పెట్టుదురు.

మొదట ఇంత గట్టితనము లేదు. 1989 డిసెంబరులో ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమను నెపమున సుమారు 20,000 ఫ్లాపీలను ఎవరో తపాలాలో పలు దేశములకు పంపిరి. వానిని వాడినవారి ఫైళ్ళ పేరులు కొంతకాలమునకు మఱుగుపడి, పనామా దేశములోని ఒక తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపుమను లేఖ కనబడెను. ఆ ప్రోగ్రాము మూయుటకును తెఱచుటకును ఒకే చెవిని వాడినది గనుక, జిమ్ బేట్స్ అను నిపుణుడు దానిని శోధించి విరుగుడు ప్రోగ్రామును వ్రాసి ఉచితముగా ఇచ్చెను. 1996లో ఆడమ్ యంగ్, మోతీ యుంగ్ అను పరిశోధకు లిరువురు, రెండు చెవుల బీగమును దుర్మార్గులు వాడినచో ఏమగునో ముందుగానే హెచ్చరించిరి. తరువాత జరిగినది అదియే.

2017 మే 12వ తేదీన వెలువడిన వానాక్రై అనునది 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వేఱుచోట్లకు పంపవలసి వచ్చెను. మన ప్రక్కనే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని, తిరుమల తిరుపతి దేవస్థానముల కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. 300 డాలర్లు అడిగి, మూడు దినములు దాటినచో 600 అనుచు బెదిరించెను. ఆ బెదిరింపు లేఖ 28 భాషలలో నుండెను; అందు తెలుగు లేదు, కన్నడము లేదు. ఈ ఒక్క విషయమున మనలను మఱచినందుకు వగవనక్కఱలేదు గాని, లేఖ చదువలేని వాడు భయపడి తోచిన మీట నెల్ల నొక్కునను చిక్కు మాత్రము కలదు.

వానాక్రై కథలో నేర్చుకొనదగినవి రెండున్నవి. అది ప్రవేశించిన లోపమును సరిచేయు మరమ్మతును మైక్రోసాఫ్టువారు రెండు నెలల ముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసియుండిరి. వేసికొనినవారు బ్రతికిరి. రెండవది మఱింత ఆశ్చర్యకరము. ఆడ్రియన్ గినే అను ఫ్రెంచి పరిశోధకుడు, ఆ రెండు ప్రధాన సంఖ్యలు కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకములో కొంతసేపు మిగిలియుండునని కనిపెట్టి, వానిని వెదకి తీయు ప్రోగ్రామును వ్రాసెను. బెంజమిన్ డెల్పీ దానిని విండోస్ 7 వఱకు పనిచేయునట్లు విస్తరించెను. కాని కంప్యూటరును ఆపి మరల ఆరంభించినవారికి ఆ ఉపాయము దక్కలేదు. ఆపగానే ఆ జ్ఞాపకము చెఱిగిపోవును గదా!

కనుక లేఖ కనబడగానే చేయవలసినది ఇది. ఇంటర్నెట్టు తీగను లాగివేయుడు, వైఫైని ఆపుడు, పెన్‌డ్రైవును, బయటి హార్డుడిస్కును ఊడదీయుడు. ఒక గదిలో పది కంప్యూటర్లు కలిసియున్న పాఠశాలలో ఇది అర నిమిషమైనను ఆలస్యము కారాదు. కంప్యూటరును మాత్రము వెంటనే ఆపవద్దు. ఫైళ్ళు ఇంకను ఒక్కొక్కటిగా మాఱిపోవుచున్నట్లు కంటికి కనబడినచో, అప్పుడు విద్యుత్తును తీసివేయుటయే మేలు, ఉన్నవానినైనను దక్కించుకొనవచ్చును. లేఖను ఫోనుతో ఫొటో తీయుడు. లేఖయున్న ఫైలును గాని, మూతపడిన ఫైళ్ళను గాని తుడిచివేయవద్దు. వీలైనచో ఆ హార్డుడిస్కును తీయించి భద్రపఱచి, పనికి వేఱొక డిస్కు వాడుకొనుడు. నేడు తెఱవరాని ఫైలు మఱునాడు తెఱవవచ్చును. 2013లో వచ్చిన క్రిప్టోలాకర్ అను దాని చెవులు, ఆ ముఠా యంత్రాంగము 2014లో పోలీసుల చేతికి చిక్కిన పిమ్మట దొరకినవి. మూతపడిన ఫైళ్ళను దాచుకొన్నవారే వానివలన ప్రయోజనము పొందిరి.

తరువాత, ఇది ఏ జాతి వైరసో గుర్తింపవలెను. ఇందుకు నో మోర్ రాన్సమ్ అను ఉచిత సేవ కలదు. నెదర్లాండ్సు పోలీసులు, యూరోపోల్, మఱి రెండు కంప్యూటరు రక్షణ సంస్థలు కలసి 2016 జూలైలో దానిని నెలకొల్పిరి. వేఱొక శుభ్రమైన కంప్యూటరునుండి లేఖను, మూతపడిన ఫైళ్ళు రెండింటిని పంపినచో జాతి తెలియును. విరుగుడున్నచో అచ్చటనే దొరకును. ఆధారు నకలు, బ్యాంకు పుస్తకము వంటివి పంపరాదు. ఏ చిత్రపటమో చాలును.

మనవంటి చిన్న ఊళ్ళకు అధికముగా వచ్చునది స్టాప్ డి.జె.వి.యు. అను జాతి. పెద్ద సంస్థలను వదలి, ఇండ్లను, చిన్న దుకాణములను ఇది పట్టును. వచ్చు దారి ఏదనగా, సొమ్ము చెల్లింపక వాడుకొనుటకై దింపుకొను దొంగ సాఫ్ట్‌వేరు. తెలుగు అక్షరములు కూర్చు సాఫ్ట్‌వేరునకు "క్రాక్" వెదకువారు ఈ మాటను శ్రద్ధగా వినవలెను. ఈ జాతి పనిచేయుచున్నంతసేపు తెరమీద విండోసు నవీకరణ జరుగుచున్నట్లు బొంకుబొమ్మ చూపును. పిదప 980 డాలర్లు అడిగి, మూడు దినములలో నిచ్చినచో సగము చాలునని బేరమాడును. దీనికి 2019 అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ సంస్థవారు ఉచిత విరుగుడు విడుదల చేసిరి. అది 148 రకములకు పనిచేసెను. తరువాతి రకములలో, దొంగ సర్వరుతో సంబంధము కుదరనపుడు మూసిన ఫైళ్ళు మాత్రమే తెఱచుకొనవచ్చును. అదియు ఆ రకపు చెవి దొరకినపుడే. లేఖ అడుగున నున్న గుర్తింపు సంఖ్య టి1 అను గుర్తులతో ముగిసినచో మీది ఆ తెగకు చెందినదని ఆశింపవచ్చును. ఇంకొక విశేషము: త్వరగా పని ముగించుటకై ఈ వైరసు ప్రతి ఫైలు మొదటి 150 కిలోబైట్ల మేరకే చెడగొట్టును. అందుచేత చిన్న పత్రములు పూర్తిగా పోయినను, వార్షికోత్సవపు వీడియో వంటి పెద్ద ఫైళ్ళు నిపుణుల చేత చాలవఱకు బాగుపడగలవు.

వైరసును తొలగింపక విరుగుడును వాడరాదు. తెఱచిన ఫైలును అది మరల మూయును. డిస్కుకు నకలు తీసికొనిన పిమ్మట, అంతయు తుడిచి అసలైన విండోసును క్రొత్తగా వేయుటయే నమ్మదగిన పద్ధతి. పాసువర్డులన్నియు వేఱొక యంత్రమునుండి మార్చవలెను. ఈ జాతి తనతో పాసువర్డుల దొంగను కూడ తెచ్చుట కలదు.

విరుగుడు లేనిచో? అప్పుడు పోయిన ఫైలుకు రెండవ ప్రతి ఎచ్చట మిగిలినదో వెదకవలెను, దూడ తప్పిపోయిన రైతు వెదకినట్లు. ముద్రణకు పంపిన ఈమెయిలు "పంపినవి" అను అరలో నుండవచ్చును. తోటి ఉపాధ్యాయుని వాట్సాపులో నుండవచ్చును. పాత పెన్‌డ్రైవులో నుండవచ్చును. గూగుల్ డ్రైవులో నుంచిన ఫైలు చెడినను దాని వెనుకటి రూపము సాధారణముగా 30 దినములు నిలిచియుండును. కొన్ని వైరసులు ఫైలుకు మూసిన నకలు తయారుచేసి అసలు దానిని తుడిచివేయును. అట్టిచోట ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాము కొన్నింటిని తిరిగి తీయగలదు. అచ్చు కాగితము మిగిలినను భాగ్యమే, మరల కూర్చుకొనవచ్చును.

సొమ్ము చెల్లించుట మాత్రము మాకు సమ్మతము కాదు. చెవి వచ్చునను పూచీ లేదు. "మేము తెఱచెదము" అని పెద్ద మొత్తము పుచ్చుకొని, చాటుగా దొంగకే కొంత చెల్లించు మధ్యవర్తులును లోకమున కలరు. 1930 సంఖ్యకు ఫోను చేసియు, జిల్లా కేంద్రములోని సైబరు నేరముల పోలీసువారికి వ్రాసియిచ్చియు ఫిర్యాదు నమోదు చేయింపవలెను.

పెద్దవారిని కాపాడినదియు రెండవ ప్రతియే. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లు మూతపడి, దినముల తరబడి రోగుల చీట్లు చేతివ్రాతతో నడచినవి. దాడికి చిక్కని వేఱొక సర్వరులోని ప్రతినుండి ఆ సమాచారమును మరల నింపిరి. 2024 జూలై చివర ఒక సాంకేతిక సంస్థపై ఇట్టి దాడియే జరిగి, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగా నిలిచినవి. సహకార బ్యాంకులలో పాల సొమ్ము, టమోటా సొమ్ము దాచుకొను మన తల్లిదండ్రులకు ఇది దూరపు వార్త కాదు.

మన చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారాయణ తాతయ్యగారి తెలుగు రచనలు నేటికి మన చేతికి వచ్చుటకు కారణము, భక్తులు ఒకరి ప్రతి చూచి యొకరు వ్రాసికొని, పాడుకొని, పలుచోట్ల నిలుపుటయే. కంప్యూటరునకును అదే పద్ధతి. ప్రతి ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులుండవలెను. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి హార్డుడిస్కులో, ఒకటి వేఱొక ఊరనో గూగుల్ డ్రైవులోనో. హార్డుడిస్కును పని ముగియగానే ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియే యుంచినచో దానికిని బీగము పడును. విండోస్ 10కి సామాన్యముగా వచ్చు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిచినవి గనుక, దానిని వాడు పాఠశాలలు, దుకాణములు మార్పును గూర్చి ఆలోచింపవలెను. తెలుగు టైపునకు దొంగ సాఫ్ట్‌వేరు అక్కఱలేదు. విండోసులోనే తెలుగు కీబోర్డు కలదు. సిలికానాంధ్రవారు వెలువరించిన మండలి, సూరన్న మొదలగు యూనికోడు అక్షరరూపములు ఉచితముగా లభించుచున్నవి. లిబ్రాఫీసు కూడ ఉచితమే. ఇందు ఇంకొక లాభము. పాత పద్ధతి అక్షరములతో కూర్చిన ఫైలు, ఆ సాఫ్ట్‌వేరు లేనిచోట ఎట్లును చదువరాదు. అదియు నొక విధమైన బీగమే గదా!

ఈ సెలవులలో పై తరగతుల విద్యార్థులు తమ యింటి పత్రముల నకళ్ళను—పహణి, కుల ధ్రువపత్రము, మార్కుల పట్టిక—ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి తల్లికి అప్పగింపవలెను. పెట్టెలో పెట్టుటకు ముందు వేఱొక కంప్యూటరులో ఒక్కొక్క ఫైలును తెఱచి, అది సరిగా చదువబడుచున్నదో లేదో చూడుడు.