ఎత్తు చెప్పే సంగతులు

మీ వీధిలో ఒక పాప ఆడుకుంటున్నదనుకోండి. చురుకుగా ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి. "దీనికేం, బాగానే ఉంది" అంటారు చూసినవారు. వయసడిగితే "మొన్ననే మూడేళ్ళు నిండాయి" అంటుంది తల్లి. గోడకు ఆనించి నిలబెట్టి కొలిస్తే ఎత్తు 86 సెంటీమీటర్లు. అది రెండేళ్ళ పిల్లకు ఉండవలసిన ఎత్తు! కంటికి తెలియని సంగతి కొలత చెప్పింది.

ఏ వయసుకు ఎంత ఎత్తుండాలో ఎలా తెలుస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుండి 2003 వరకు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించింది. తల్లిపాలు తాగి, ఆరోగ్యకరమైన పరిసరాలలో పెరిగే పిల్లలనే ఇందుకు ఎంచుకున్నారు. దేశాలు వేరైనా మొదటి అయిదేళ్ళలో వారి ఎదుగుదల దాదాపు ఒకే తీరుగా ఉంది. ఆ కొలతలతో తయారైన ప్రమాణాలు 2006లో వెలువడ్డాయి.

వాటి ప్రకారం మూడేళ్ళు నిండిన ఆడపిల్లల మధ్యగత ఎత్తు 95.1 సెంటీమీటర్లు. కింది గీత 87.4. ఆరోగ్యవంతులైన పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే ఈ గీతకు దిగువన ఉంటారు. దిగువన ఉండడాన్నే గిడసబారడం అంటారు. ఒక్క బిడ్డ పొట్టిగా ఉంటే తల్లిదండ్రుల పోలిక కావచ్చు. కాని వందలో ముప్పై మంది అలా ఉంటే పోలిక అని సరిపెట్టుకోలేం. చాలని తిండి, మాటిమాటికి వచ్చే విరేచనాలు, గర్భంలోనే కొరవడిన పోషణ దానికి ముఖ్య కారణాలు.

కొలవడానికీ ఒక పద్ధతి ఉంది. రెండేళ్ళలోపు బిడ్డను బల్లపై పడుకోబెట్టి కొలవాలి, ఆపైన నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డ పడుకున్నప్పుడు సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ పొడవు వస్తుంది. గీత దగ్గర ఉన్న బిడ్డను ఇటునుండి అటు మార్చడానికి ఆ కాస్త తేడా చాలు.

ఇక పరికరమే లేకపోతే? 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాలలో పిల్లల ఎత్తు కొలవలేదు. కారణం, కొలిచే బల్లలు సమయానికి అందలేదు! నివేదికలో ఆ గడి ఖాళీగా మిగిలింది. అంకె లేదంటే లోపం లేదని కాదు. తరువాతి సర్వేలలో ఆ గడి నిండింది. 2019-21 సర్వే ప్రకారం, అయిదేళ్ళలోపు పిల్లలలో గిడసబారినవారు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1.

కొలిచిన తరువాత చెప్పే తీరు కూడా ముఖ్యమే. ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక సంవత్సరం ఎనిమిదో తరగతి పిల్లల ఎత్తు, బరువు చూసి, పేరుపేరునా అందరి ముందు చదివాను. ఒక అబ్బాయి బరువు వినగానే తరగతి నవ్వింది. నేను కూడా ఏదో హాస్యమాడాను. మరునాటి నుండి వారం రోజులు ఆ అబ్బాయి బడికి రాలేదు. తూకం సరిగ్గానే ఉంది, తప్పు నాది. అతని ఆరోగ్యం తెలుసుకోవాలని తూచి, అతని సంతోషాన్ని పోగొట్టాను. ఆ నష్టాన్ని ఏ త్రాసూ చూపదు. బిడ్డనే అడిగి తెలుసుకోవాలి.

అందుచేత అంకెల నివేదికలో ఎంతమంది అన్నదే ఉండాలి. ఎవరు అన్నది ఆ బిడ్డకు, ఇంటివారికి మాత్రమే, మెల్లగా చెప్పాలి.

ఇప్పుడు మీరు ఒక ప్రయోగం చేయండి. మీ స్నేహితుడు ఒప్పుకుంటే, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. తలపై అట్టపుస్తకాన్ని గోడకు లంబంగా ఉంచి ఎత్తు గుర్తించండి. ముగ్గురు విడివిడిగా, ఒకరి అంకె ఇంకొకరు చూడకుండా కొలవండి. కాగితంపై పేరు వద్దు. మూడు అంకెలూ ఒకటేనా? కాకపోతే తేడా ఎక్కడ వచ్చిందో వెతకండి.