పెరటి మట్టిలో సీసం: జీవామృతంతో పోని విషం

"పదేళ్లుగా పెరట్లో మందు చుక్క వేయలేదు, ఆకుకూర పిల్లలకు పెట్టొచ్చు కదా?" అని చాలామంది అడుగుతుంటారు. మందు సంగతి సరే, ఆ స్థలంలో అంతకుముందు ఏముండేదో తెలుసుకున్నారా అని నేను అడుగుతాను.

పురుగుమందులు చాలావరకు కాలక్రమంలో సూక్ష్మజీవుల వల్ల విరిగిపోతాయి. సీసం లోహం, అది విరగదు. ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా పోదు. పాత బ్యాటరీలు పగలగొట్టిన చోట, పాత పెయింటు రాలిన గోడల పక్కన, రద్దీ రోడ్ల అంచున పై మట్టిలోనే దశాబ్దాలు ఉండిపోతుంది. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది. అంతకుముందు పొగతో మట్టిలో చేరింది మాత్రం అంత తేలిగ్గా పోదు.

పిల్లలకు, తల్లులకు ఎందుకు ఎక్కువ ముప్పు?

చిన్నపిల్లలు మట్టిలో ఆడి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసాన్ని వాళ్ల ఒళ్లు పెద్దల కంటే 4–5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, రక్తహీనత వస్తుంది.

తల్లి ఎముకల్లో ఏళ్లతరబడి దాగిన సీసం గర్భం సమయంలో రక్తంలోకి వచ్చి, మాయ దాటి బిడ్డను చేరుతుంది. గర్భస్రావం, తక్కువ బరువు కాన్పు ముప్పు పెరుగుతుంది. ఇంతవరకు పర్వాలేదు అనే సురక్షిత మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నైజీరియాలోని జంఫారాలో బంగారం కోసం సీసం ఉన్న రాయిని ఇళ్ల దగ్గరే పొడి చేశారు. 2010లో బయటపడేసరికి వందలమంది పసిపిల్లలు చనిపోయారు. మందులు ఇస్తే సరిపోలేదు. వాకిళ్ల మట్టి తవ్వేసి, మంచి మట్టి పోయాల్సి వచ్చింది.

మనం చేయాల్సినవి

1. సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో సీసం లేదు. ల్యాబులో భారలోహాల పరీక్ష అని విడిగా అడగండి. పిల్లలు ఆడే చోట పై అంగుళం మట్టి, పంట మడిలో ఆరంగుళాల లోతు మట్టి వేర్వేరుగా తీయండి.
2. అనుమానం ఉంటే కింద గుడ్డ పరిచి, బయటి మంచి మట్టితో ఎత్తు మడులు కట్టండి.
3. అలాంటి నేలలో పాలకూర, ముల్లంగి వద్దు. టమాట, వంకాయ, బెండ కాయల్లోకి సీసం తక్కువగా చేరుతుంది.
4. కంపోస్టు వేసి, పీహెచ్ 7 దగ్గర ఉంచితే సీసం మట్టికి పట్టుకుని మొక్కకు తక్కువ అందుతుంది. ఖాళీ నేలను ఆచ్ఛాదనతో కప్పితే దుమ్ము లేవదు.
5. అన్నానికి ముందు పిల్లల చేతులు కడిగించండి. పరీక్షలో సీసం తేలితే గర్భిణులకు, పిల్లలకు రక్తపరీక్ష గురించి డాక్టరుని అడగండి.

మట్టి నమూనా తీసే పద్ధతి పై వీడియోలో చూపించాను. ఈ సీజన్ విత్తనం వేసేలోపే తీయండి.