పాత వాల్వుల రేడియో బాగు చేయించాలా, వద్దా? ప్లగ్ పెట్టే ముందే తేల్చుకోండి

కొత్త ఫోన్ కొనే ముందు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ చూస్తాం. అటక మీద నుంచి దింపిన పాత వాల్వుల రేడియోకి కూడా అలాంటి లెక్కే ఉంది. కాకపోతే చూడాల్సినవి వేరు.

ఈ మధ్య ఆలంపూర్‌లో మా వాళ్ల ఇళ్లలో ఉన్న రెండు సెట్లు నా ముందుకొచ్చాయి. ఒకటి మా తాతది, ఇంకొకటి మా మేనమామది. రెండూ చెక్క క్యాబినెట్, ఐదు వాల్వుల సెట్లే. తాత సెట్ అటక మీద ఎండకి, దుమ్ముకి ఉంది. మామ సెట్ మాత్రం 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో మునిగింది. "అల్లుడా, ఇది మళ్లా పాడుతదా లేదా, ఒక్క మాట చెప్పు" అని మామ అడిగిండు. ఆ ఒక్క మాట చెప్పడానికి నేను చేసిన పరీక్షలే ఈ ఆర్టికల్.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. "పని చేస్తుందేమో చూద్దాం" అని ప్లగ్ మాత్రం పెట్టకండి. ఏళ్ల తరబడి కరెంటు లేని కెపాసిటర్లు ఒక్కసారిగా 250 వోల్టుల దాకా డీసీ పడితే షార్ట్ అవుతాయి. వాటితో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు. అప్పటిదాకా బాగు చేయదగ్గ సెట్ ఆ ఒక్క నిమిషంలో చేయలేని సెట్ అయిపోతుంది.

1. మీ దగ్గరున్నది ఏ రకం సెట్?

వెనక అట్ట విప్పి వాల్వుల మీద నంబర్లు చదవండి. యూరప్ పద్ధతి నంబర్లైతే మొదటి అక్షరమే చాలా సంగతులు చెప్తుంది.

"ఈ" అక్షరంతో మొదలైతే (ఈసీహెచ్81, ఈఎల్84, ఈజెడ్80 లాంటివి) ఫిలమెంట్ 6.3 వోల్టులది. ఇలాంటి సెట్లో మామూలుగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి ఇదే మేలు.

"యు" అక్షరంతో మొదలైతే (యుసీహెచ్81, యుసీఎల్82) ఏసీ/డీసీ సెట్. వాల్వుల ఫిలమెంట్లన్నీ సీరియల్ లైట్లలా వరసగా ఉంటాయి. వీటిలో ఛాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్ తిరగేసి పెడితే ఇనుప ఛాసిస్ మొత్తం 230 వోల్టులు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, అనుభవం లేకుండా దీని జోలికి వెళ్లొద్దు.

"డి" అక్షరంతో మొదలైతే (డీకే96, డీఎల్96) కరెంటు లేని ఊళ్ల కోసం వచ్చిన బ్యాటరీ సెట్. ఫిలమెంట్‌కి 1.4 వోల్టులు, హెచ్‌టీకి 90 వోల్టుల బ్యాటరీ కావాలి. సెట్ బాగున్నా దానికి తగ్గ పవర్ సప్లై విడిగా కట్టుకోవాల్సిందే.

మా రెండు సెట్లూ మొదటి రకమే.

2. దొరికేవి ఏవి, దొరకనివి ఏవి?

చాలామంది "వాల్వులు దొరకవు కదా" అని ఆగిపోతారు. నిజానికి వాల్వు అంత తొందరగా చెడిపోయే పార్ట్ కాదు. అద్దం లోపల పైభాగంలో వెండి రంగు మచ్చ కనిపిస్తే వాక్యూమ్ నిలిచినట్టే. ఆ మచ్చ పాలలా తెల్లబడితే గాలి చొరబడింది, ఆ వాల్వు పని అయిపోయింది. ఈఎల్84, ఈసీహెచ్81 లాంటి వాటిలో 4, 5 పిన్నుల మధ్య మల్టీమీటర్ కంటిన్యుయిటీ చూపిస్తే ఫిలమెంట్ బతికి ఉన్నట్టు.

కెపాసిటర్లు చెడిపోతాయి, కానీ కొత్తవి దొరుకుతాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్లు, 450 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు కొనుక్కోవచ్చు.

అసలు చిక్కు ఎక్కడంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఐఎఫ్ కాయిల్స్, స్టేషన్ల పేర్లున్న డయల్ గ్లాస్. ఇవి పోతే అచ్చం అలాంటివే దొరకడం కష్టం. రివైండింగ్ చేసేవాళ్లు ఉన్నా ఖర్చు, తిరుగుడు రెండూ ఎక్కువే. నిర్ణయం వీటి మీదే పెట్టుకోవాలి.

3. కరెంటు లేకుండా చేసే పరీక్ష

ప్లగ్ తీసే ఉంచి మల్టీమీటర్‌తో ఈ మూడు చూడండి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ: మామూలుగా కొన్ని పదుల ఓమ్‌లు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ: కొన్ని వందల ఓమ్‌లు. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకీ ఛాసిస్‌కీ మధ్య: చుట్ట కొసలు సర్క్యూట్ నుంచి విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో చూడాలి. పదుల మెగా ఓమ్‌లు ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఇక్కడ మామూలు మల్టీమీటర్‌ని నమ్మడానికి లేదు.

తాత సెట్ మూడింటిలోనూ పాసైంది. మామ సెట్లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిపోయింది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మెగ్గర్ మీద ఒక మెగా ఓమ్ కూడా చూపించలేదు. రోజుల తరబడి ఆరబెట్టి మళ్లీ చూసినా అంతే. ఐఎఫ్ కాయిల్ తీగలు పచ్చగా చిలుము పట్టినయ్. క్యాబినెట్ ప్లైవుడ్ పొరలు పొరలుగా లేచింది. వాల్వులు మాత్రం బాగున్నాయి! అద్దం లోపలికి నీళ్లు పోవు కదా, పిన్నులు తుడిస్తే సరిపోయింది.

4. బాగయ్యాక ఏం వింటారు?

దీన్ని చాలామంది చివర్లో ఆలోచిస్తారు. ముందే ఆలోచించాలి. ఈ సెట్లలో ఎక్కువ భాగం మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే పట్టుకుంటాయి. ఆలంపూర్‌కి పక్కనే ఉన్న కర్నూలు ఆకాశవాణి ఎఫ్‌ఎంలో వస్తుంది. అది ఈ డయల్ మీద లేదు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738, విజయవాడ 837, కడప 900 కిలోహెర్ట్జ్ మీద వెతకాలి. షార్ట్ వేవ్ అయితే బాగా పలచబడింది. బీబీసీ హిందీ షార్ట్ వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. డీఆర్‌ఎమ్ పద్ధతి డిజిటల్ ప్రసారం ఈ సెట్‌కి గరగర శబ్దమే.

కాబట్టి ఖర్చు పెట్టే ముందు మీడియం వేవ్ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ తెచ్చి మీ ఇంట్లోనే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తిప్పి చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు తీసేసి కూడా చూడండి. వాటి రొద మీడియం వేవ్‌లో బాగా వినిపిస్తుంది. చాలా పాత సెట్లకి బయట పది మీటర్ల ఏరియల్ తీగ, మంచి ఎర్త్ కూడా కావాలి.

సెట్ వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్ ఉంటే ఇంకో దారి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్ అయితే, ఫోన్ పాటల్ని మధ్యలో చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అందులోంచి వినొచ్చు. "యు" రకం సెట్‌కి మాత్రం ఫోన్ తగిలించొద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

5. చేయాలని తేలితే వరస ఇదీ

ముందు ఎలక్ట్రోలిటిక్‌లు మార్చాలి. విలువ పాతదే ఉంచండి. ఈజెడ్80 తర్వాత మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్‌లు దాటకూడదు. "పెద్దది పెడితే హమ్ తగ్గుతుంది" అని ఎవరైనా చెప్పినా వినకండి.

తర్వాత ఈఎల్84 గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కెపాసిటర్. చిన్నదే గానీ అది లీకైతే గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజ్ పడి, వాల్వులో కరెంటు పెరిగి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మైనం పూసిన కాగితం కెపాసిటర్ అయితే పరీక్షించకుండానే మార్చేయండి. మెయిన్స్ తీగల మధ్య ఉన్న దాని చోట ఎక్స్2 రకం, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఉన్న దాని చోట వై2 రకం పెట్టండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. ఎల్‌ఈడీ పనికి రాదు. బల్బు వెలిగి, కాసేపటికి మసకబడితే మంచిదే. ఎర్రగా పెద్దగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉన్నట్టు, ఆపేయండి. ఆపాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

తాత సెట్‌లో ఈఎల్84 బలహీనంగా ఉంటే, మామని అడిగి ఆయన సెట్‌లోది వేశాను. హైదరాబాద్ స్టేషన్ రాత్రిపూట శుభ్రంగా పలుకుతోంది.

6. బ్లూటూత్ బోర్డు సంగతి

ఒక రిపేర్ షాపులో మామ సెట్ చూసి "లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెడదాం" అన్నారు. నేను వద్దన్నాను. ఛాసిస్ ఒకసారి పాతసామాన్లోకి పోతే మళ్లీ రాదు. ఆ పాటల కోసమైతే బ్లూటూత్ స్పీకర్ విడిగా కొనుక్కోవచ్చు. అందుకే మామకి చెప్పిన ఒక్క మాట: "పాడదు మామా, కానీ పారేయొద్దు." ఆ డయల్ గ్లాస్, కాయిల్స్ డబ్బాలు, నాబ్‌లు రేపు ఇంకో సెట్‌కి ప్రాణం పోయొచ్చు.

ఇంట్లో పాత రేడియో లైసెన్సు పుస్తకం ఉంటే అది కూడా దాచండి. 1980ల దాకా రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఫీజు కట్టేవారు. అందులోని ముద్రల తేదీలు మీ సెట్ వయసు చెప్తాయి.

తుది మాట

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, కాయిల్స్, డయల్ గ్లాస్ బాగుండి, మీ ఇంట్లో మీడియం వేవ్ వినిపిస్తుంటే: బాగు చేయించండి.

ఒక ట్రాన్స్‌ఫార్మరే పోయి, సెట్ మీద మమకారం ఉంటే: రివైండింగ్ రేటు ముందే అడిగి తేల్చుకోండి.

నీళ్లలో మునిగి ట్రాన్స్‌ఫార్మర్లు, కాయిల్స్ రెండూ పోతే: తుడిచి, ప్లగ్ తీగ కత్తిరించి, ఉన్నదున్నట్టు ఉంచండి.

"యు" రకం సెట్ అయితే: తెలిసిన మెకానిక్ దొరికేదాకా ఆగండి. ఇన్నేళ్లు ఆగిన రేడియో ఇంకొన్నాళ్లు ఆగుతుంది.