కల్పవల్లి కొండలు

పడమటి కనుమలను దాటి వచ్చే నైరుతి గాలి రొళ్ల, మడకశిర, పెనుకొండ ప్రాంతాలను చేరేసరికి తనలోని తేమను చాలావరకు కోల్పోతుంది. వర్షచ్ఛాయలో ఉన్న ఈ సీమకు మిగిలేది దాని వేగమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన వేళకు రాదు. వచ్చినా నిలువదు. అయితే వాన నివ్వని ఆ గాలి, ఎడతెగని ఆ ఎండ నేడు విద్యుత్తు నిస్తున్నాయి. రామగిరి కొండలపై గాలిమరలు 1990 దశకంలోనే వెలిశాయి. నంబులపూలకుంట వద్ద 2016 నాటికి 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పనిచేయసాగింది.

రొళ్ల రైతుకు విద్యుత్తు అంటే నీరు. కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ మండలంలోనూ, చుట్టుపక్కల మండలాలలోనూ వక్కతోటలు బోరునీటిపై ఆధారపడి బతుకుతున్నాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు లభించిన నాటినుండి మోటారు నడిపే ఖర్చు రైతుకు భారం కాలేదు. బోరు లోతు మాత్రం భారమైంది. బొగ్గు మండించి తీసిన విద్యుత్తుకు బదులు సూర్యరశ్మితో నడిచే పంపును అమర్చుకోవడం మేలైన పనే. దానివల్ల పొగ తగ్గుతుంది. కాని ఆ పంపు తోడేదీ పాతాళంలోని ఆ నీటినే. తోడిన నీరు తిరిగి భూమిలోకి ఇంకాలంటే ఎగువనున్న కొండపై గడ్డి ఉండాలి, చెట్టు ఉండాలి. బోడికొండపై పడిన వాన మట్టిని కోసుకొని వంకలోకి పరుగెత్తుతుంది, ఆ మట్టితో చెరువు పూడిపోతుంది. కనుక ఈ సీమలో హరితజీవనం గురించి ఆలోచించేవారు మొదట చూడవలసినది కొండలవైపు.

అటువంటి కొండల కథ రొళ్లకు ఈశాన్యాన, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో ఉంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు అక్కడ 32 ఎకరాల బీడుభూమిని కొని ‘టింబక్టు కలెక్టివ్’ అనే సంస్థను స్థాపించారు. జపాను దేశపు ప్రకృతి వ్యవసాయవేత్త మసనోబు ఫుకుఓకా భావాలు వారిని ఆకర్షించాయి. భూమిని బలవంతంగా మార్చడంకంటే, దాని మానాన దానిని కోలుకోనివ్వడం మేలని ఆయన నమ్మకం. వారు నాటిన మొక్కలకంటే, నరకకుండా కాపాడిన మోడులనుండి వచ్చిన చిగుళ్లే ఎక్కువ ఫలితమిచ్చాయట! వారి నివాసాలలో దీపాలు వెలిగినది సౌరవిద్యుత్తుతోనే.

ఆ అనుభవం కొన్నేళ్లలోనే కంచె దాటింది. ముష్టికోవెల మొదలైన గ్రామాల ప్రజలు తమ చుట్టూ ఉన్న ఏడువేల ఎకరాలకు పైబడిన కొండభూములను కాపాడుకోవడానికి పూనుకొన్నారు. ఆ అడవికి కల్పవల్లి అని పేరు పెట్టుకొన్నారు. వారు చేసినది చెప్పడానికి సులభం, ఆచరించడానికి కష్టం. పచ్చిచెట్టుపై గొడ్డలి వేయరాదు. కొండకు నిప్పు పెట్టరాదు. వేసవికి ముందే కొండవాలున గడ్డిని చెక్కి, మంట పాకకుండా ఖాళీదారులు తీయాలి. కాపలాకు మనుషులను పెట్టుకోవాలి. పొయ్యిలోకి కట్టెలు కావలసిన ఇంటికీ, గొర్రెలకు మేత కావలసిన కాపరికీ ఈ నియమాలు తొలుత ఇబ్బందిగానే తోచి ఉంటాయి. అయినా క్రమంగా ఇల్లు కప్పుకొనే బోదగడ్డి ఏపుగా పెరిగింది. వంకల వెంట ఈతచెట్లు లేచాయి. ఆ ఈతాకుతో చాపలు, చీపుర్లు చేసి కొందరు బతుకుతెరువు చూసుకొన్నారు. కరవు ఏళ్లలో మంద తోలుకొని ఇతర ప్రాంతాల కాపరులు సైతం ఆ గడ్డికై వచ్చారు.

ఇంత జరిగినా ఆ భూములు రెవెన్యూ రికార్డులలో బంజర్లే! ఆ ఒక్కమాట ఎంత పని చేయగలదో 2010 తరువాత తెలిసివచ్చింది. గాలివాటమున్న ఆ శిఖరాలపై పవన విద్యుత్ కేంద్రం వెలసింది. గాలిమర దానికదిగా పొగ విడువదు, బొగ్గు అడుగదు. కాని దాని పొడవాటి రెక్కలను, భారీ క్రేనును కొండకొమ్ముకు చేర్చాలంటే వెడల్పైన బాట కావాలి. మరను నిలపడానికి శిఖరాన్ని చదును చేయాలి. తవ్విన మట్టి వాలులమీదికి జారింది. రెండు దశాబ్దాలుగా పెంచుకొన్న గడ్డిపై బాటలు పడ్డాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన పవన విద్యుత్తుకు ముందస్తు అనుమతి అవసరం లేదని విడిచిపెట్టింది గనుక, ఈ నష్టాన్ని ముందుగా లెక్కించవలసిన అగత్యం ఎవరికీ కలుగలేదు. 2013లో ఈ వివాదం చెన్నైలోని జాతీయ హరిత న్యాయస్థానందాకా వెళ్లింది. ఒక పచ్చని పనిపై మరొక పచ్చని పని న్యాయస్థానానికెక్కడం విచిత్రమే గాని, అడిగినవారు గాలిమరలే వద్దనలేదు. కొండను కాపాడినవారిని అడిగి కట్టమన్నారు.

మడకశిరకు ఉత్తరాన ఆనుకొని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో మరొక మార్గం అనుసరించారు. అక్కడ తెలుగు మాట్లాడే పల్లెలు అనేకం. తిరుమణి మొదలైన ఐదు గ్రామాల పరిధిలో, సుమారు 13,000 ఎకరాలలో, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2019 చివరినాటికి పూర్తయింది. భూమిని కొనలేదు, రైతులవద్ద 28 ఏళ్లకు కౌలుకు తీసుకొన్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి ఐదు శాతం పెంచే ఒప్పందమది. వేరుశనగ ఎండిపోయి అప్పులపాలైన రైతుకు, వాన కురిసినా కురవకున్నా చేతికందే ఆ సొమ్ము చిన్నది కాదు. భూమిపై హక్కును వదులుకోకుండానే అతడు ఎండను పండించుకొంటున్నాడు.

అయితే ఆ కౌలు పట్టా ఉన్నవారికే చెందుతుంది. ఆ చేలలో కలుపు తీసి, కాయ కోసిన భూమిలేని కూలీలకు ఆ పని పోయింది. కోతలైన చేలలో గొర్రెలను మేపుకొన్న కాపరులకు ఇప్పుడు ఎదురయ్యేది కంచె. కల్పవల్లి కొండలమీద గడ్డిని కాచినవారి చేతిలోనూ పట్టా లేదు.