ఒప్పంద కాగితం

అమెరికాలో టెనెస్సీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ లెబనాన్ ఊళ్ళో కంబర్లాండ్ అనే కాలేజీ ఉంది. 1916లో ఆటల కాలం రాకముందే ఆ కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టును తీసేసింది. కానీ జార్జియా టెక్ అనే కాలేజీతో ఆడతామని అప్పటికే ఒప్పంద కాగితం రాసుకుంది. ఆటకు రాకపోతే 3,000 డాలర్ల జరిమానా కట్టాలి. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము.

జట్టు లేదు. మరి ఏం చేయాలి? జార్జ్ అలెన్ అనే విద్యార్థి తోటివాళ్ళను పోగుచేశాడు. అందరూ రైలెక్కి అట్లాంటా వెళ్ళారు.

అక్టోబర్ 7న ఆట జరిగింది. అక్కడి ఫుట్‌బాల్ వేరు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. సగం ఆటకే జార్జియా టెక్‌కు 126 పాయింట్లు వచ్చాయి. చివరికి 222 అయ్యాయి. కంబర్లాండ్‌కు సున్నా!

ఆట ఓడారు. కానీ జరిమానా తప్పింది.

చూశారా! కాగితం మీద సంతకం పెడితే మాట ఇచ్చినట్టే. మాట తప్పితే ఎంత కట్టాలో కూడా అందులోనే ఉండవచ్చు. అందుకే సంతకానికి ముందు కాగితమంతా చదవాలి. అర్థం కానిది అడగాలి.

చెప్పండి:
1. జట్టు లేకపోయినా కంబర్లాండ్ ఎందుకు ఆడింది?
2. మీరు ఈమధ్య ఏ కాగితం మీద సంతకం చేశారు? అందులో ఏం రాసి ఉంది?